అస్థి ఇంప్లాంట్లలో బాక్టీరియా నిరోధక టైటానియం: '99 శాతం' ఫలితానికి తుళ్లూరు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విరిగిన ఎముకను నిలబెట్టడానికి శరీరంలో అమర్చిన లోహంపై బాక్టీరియా చేరి చీముపట్టడం అస్థివైద్యంలో అత్యంత క్లిష్టమైన సమస్యల్లో ఒకటి. దీనిని నివారించే ఉద్దేశంతో రాగి, వెండి వంటి మూలకాలను టైటానియంలో కలిపి, లోహానికే బాక్టీరియాను చంపే గుణం కల్పించే పరిశోధన గత రెండు దశాబ్దాలుగా విస్తరిస్తున్నది. ఈ పరిశోధన పత్రాల్లో తరచుగా కనిపించే ఫలితం '99 శాతం బాక్టీరియా నిర్మూలన'. ఆ అంకె ఏ పరీక్షలో వస్తుంది, ఎన్ని కణాలు మిగిలినా అది 99 శాతమే అవుతుంది, మట్టిపడిన గాయంలో దాని విలువ ఎంత అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. నల్లరేగడి పొలాలు, మిరప సాగు, రాజధాని నిర్మాణం కలిసి ఉన్న తుళ్లూరు ప్రాంతాన్ని అన్వయ క్షేత్రంగా తీసుకొని, స్థానికంగా చేయదగిన పరిశోధనను సూచించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: టైటానియం, మిశ్రలోహం, రాగి, బయోఫిల్మ్, వివృతభగ్నం, తుళ్లూరు, మిరప, బాక్టీరియా నిరోధకత.

1. ఉపోద్ఘాతం

గుంటూరు జిల్లా తుళ్లూరు మండలం కృష్ణానదికి దక్షిణపు ఒడ్డున ఉన్నది. పత్తి, మిరప పండే నల్లరేగడి భూములు, నదివైపు లంకభూములు ఈ ప్రాంతపు సహజ స్వరూపం. 2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధాని అమరావతికి శంకుస్థాపన జరిగిన తరువాత ఇదే నేల నిర్మాణ క్షేత్రంగా కూడా మారింది. పంట మోసే ట్రాక్టరు, కూలీలను తీసుకెళ్లే ఆటో, ద్విచక్ర వాహనం, ఇసుక లారీ ఒకే దారిని పంచుకునే చోట కాళ్లు విరగడం అరుదైన విషయం కాదు.

ఇటువంటి ప్రమాదాల్లో మోకాలి కిందనున్న పెద్ద ఎముక, అంటే జంఘాస్థి, తరచుగా దెబ్బతింటుంది. దాని ముందుభాగాన్ని కప్పి ఉంచేది చర్మమే కాని కండ కాదు. అందువల్ల విరిగిన కొన సులభంగా చర్మాన్ని చీల్చుకొని బయటికి వస్తుంది. దీనిని వివృతభగ్నం అంటారు. ఇటువంటి గాయాలను గస్టిలో, ఆండర్సన్ అనే వైద్యులు 1976లో మూడు రకాలుగా వర్గీకరించారు. 1984లో మూడో రకాన్ని మళ్లీ మూడు ఉపవిభాగాలు చేశారు. పొలంలో మట్టి, పేడ కలిసిన చోట తగిలిన గాయం పైకి చిన్నదిగా కనిపించినా దానిని మూడో రకంగానే లెక్కించాలన్నది ఈ వర్గీకరణలో ఆచరణకు వచ్చిన నియమం. పుండు పరిమాణం కన్నా దానిలోకి చేరిన మలినమే ప్రధానమని దీని అర్థం.

అటువంటి కాలులో వేసిన రాడ్డు చుట్టూ చీముపడితే రోగి మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వస్తుంది. రాడ్డు తీయడం, కుళ్లిన ఎముకను తొలగించడం, నెలల తరబడి మందులు వాడడం, మళ్లీ ఎముకను నిలబెట్టడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కొందరికి కాలే దక్కదు. రోజుకూలీపై బతికే కుటుంబానికి ఇది ఒక వ్యాధి మాత్రమే కాదు, ఏడాది సంపాదన కోల్పోవడం. అందువల్ల 'బాక్టీరియాను చంపే లోహం' అన్న ప్రతిపాదనను ఆశతో పాటు జాగ్రత్తతో కూడా పరిశీలించవలసి ఉన్నది.

2. ఎముకలో టైటానియం స్థానం

స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోయినప్పుడు అది ఎముకతో విడదీయరానంతగా కలిసిపోయినట్లు గుర్తించాడు. 1965లో మొదటిసారిగా ఒక రోగికి టైటానియం దంత ఇంప్లాంట్లను అమర్చాడు. ఎముక లోహాన్ని పరాయిదిగా చూడకుండా నేరుగా దానిపై పెరగడమనే ఈ గుణమే టైటానియానికి వైద్యంలో శాశ్వత స్థానం కల్పించింది.

ఈ గుణానికి మూలం లోహంపై సహజంగా ఏర్పడే ఆక్సైడు పొర. కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే ఈ పొర గీతపడినా వెంటనే తిరిగి ఏర్పడి, లోహాన్ని శరీరద్రవాల్లో తినివేతకు గురికాకుండా కాపాడుతుంది.

రెండో కారణం యాంత్రికమైనది. ఎముక యంగ్ గుణకం సుమారు 10 నుంచి 30 గిగాపాస్కళ్లు. వైద్యంలో వాడే స్టెయిన్‌లెస్ ఉక్కుది 190కి పైన. టైటానియంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన ప్రసిద్ధ మిశ్రలోహానిది సుమారు 110. లోహం మరీ బిరుసుగా ఉంటే బరువంతా అదే మోస్తుంది. పని తగ్గిన ఎముక క్రమంగా పలచబడుతుంది. నియోబియం, టాంటలం, జిర్కోనియం కలిపి యంగ్ గుణకాన్ని మరింత తగ్గించిన మిశ్రలోహాలు రావడానికి కారణం ఇదే.

అయితే ఎముక కణానికి అనుకూలమైన ఉపరితలం బాక్టీరియాకు కూడా అనుకూలమైనదే. టైటానియానికి స్వతహాగా బాక్టీరియాను చంపే శక్తి లేదు.

3. ఉపరితలంపై పోటీ

పరాయి వస్తువు ఉన్నచోట ఇన్ఫెక్షన్ ఎంత సులభంగా మొదలవుతుందో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు 1957లో చూపారు. మానవ వాలంటీర్ల చర్మంలో చీము పుట్టించడానికి మామూలుగా పదుల లక్షల సంఖ్యలో స్టెఫైలోకాకస్ ఆరియస్ కణాలు అవసరమయ్యాయి. అక్కడే ఒక పట్టుదారపు కుట్టు ఉన్నప్పుడు కొన్ని వందల కణాలే సరిపోయాయి. ఒక్క దారపు పోగు బాక్టీరియాకు కావలసిన సంఖ్యను సుమారు పదివేల రెట్లు తగ్గించింది. ఆ ప్రయోగం జరిగింది ఎముకలో కాదు, వాడింది లోహం కూడా కాదు. అయినా పరాయి వస్తువు సమక్షంలో శరీరపు రక్షణ ఎంత బలహీనపడుతుందో తెలిపే కొలమానంగా అది నేటికీ ఉపయోగపడుతున్నది.

ఆంథొనీ గ్రిస్టినా 1987లో 'సైన్స్' పత్రికలో ఈ స్థితిని ఉపరితలం కోసం జరిగే పరుగుపందెంగా వర్ణించాడు. ఇంప్లాంటును అమర్చిన క్షణం నుంచి ఎముక కణాలు, బాక్టీరియా దానిపై చోటు కోసం పోటీపడతాయి. ఎముక కణాలు ముందుగా పరచుకుంటే బాక్టీరియాకు చోటు దొరకదు. బాక్టీరియా ముందు చేరితే కొన్ని గంటల్లో గట్టిగా అతుక్కొని, రోజుల వ్యవధిలో తమ చుట్టూ జిగురుపొరను నిర్మించుకుంటాయి. బయోఫిల్మ్‌గా పేర్కొనే ఈ పొర లోపలి బాక్టీరియాను చంపడానికి విడిగా తిరిగే కణాలకు సరిపోయే మోతాదు కన్నా వందల రెట్లు ఎక్కువ యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. అంత మోతాదును రోగి శరీరం భరించలేదు. అందుకే చివరికి లోహాన్నే తీసివేయవలసి వస్తుంది.

స్టెఫైలోకాకస్ ఆరియస్ ఎముకలోని అతిసన్నని నాళికల్లోకి కూడా చొచ్చుకుపోగలదని ఎలుకలపై చేసిన అధ్యయనాలు 2017లో తెలిపాయి. లోహం ఉపరితలం ఎంత శక్తిమంతమైనదైనా ఆ నాళికల్లో దాగిన కణాలను అది తాకలేదు. బాక్టీరియా నిరోధక లోహం ప్రభావక్షేత్రం దాని ఉపరితలమూ, దాన్ని ఆనుకొని ఉన్న పలుచని పరిసరమూ మాత్రమే.

4. నిరోధకశక్తిని కల్పించే మూడు మార్గాలు

4.1 పూత

మొదటి మార్గం టైటానియంపై మందును లేదా లోహాన్ని పూతగా వేయడం. కరిగిపోయే పాలిమర్‌లో జెంటామైసిన్ కలిపి పూసిన జంఘాస్థి రాడ్డులు ఐరోపాలో వాడుకలోకి వచ్చాయి. జపాన్‌లోని కనజవా విశ్వవిద్యాలయంలో ఉపరితలంలోకి అయోడిన్‌ను చేర్చిన టైటానియం ఇంప్లాంట్లను 222 మంది రోగుల్లో వాడి, 2012లో ఫలితాలను ప్రచురించారు.

వెండి పూత విషయంలో జర్మనీలోని మున్‌స్టర్ వైద్యులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రధానమైనది. ఎముక కేన్సర్ వల్ల పెద్ద కృత్రిమ ఎముకలు అమర్చినవారిలో మామూలు టైటానియం వాడిన 74 మందిలో 17.6 శాతం మందికి, వెండిపూత వాడిన 51 మందిలో 5.9 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. భేదం పెద్దదిగా కనిపించినా గణాంకపరంగా అది నిర్ణీత ప్రమాణానికి కొద్దిలో అందలేదు. రోగులను యాదృచ్ఛికంగా విభజించిన అధ్యయనం కూడా కాదు. ఈ రంగంలో అందుబాటులో ఉన్న వైద్యసాక్ష్యం బలమూ పరిమితీ రెండూ ఈ ఒక్క ఉదాహరణలో కనిపిస్తాయి.

పూతలో ఉన్న లోపం దాని అతుకు. రాడ్డును ఎముక మజ్జనాళంలోకి సుత్తితో దింపుతారు. స్క్రూ మర ఎముకను కోసుకుంటూ లోపలికి దిగుతుంది. ఆ ఒరిపిడిలో పూత గీసుకుపోతే రక్షణ ఎక్కడ అవసరమో అక్కడే లేకుండా పోతుంది.

4.2 మిశ్రలోహం

పూత ఊడిపోయే సమస్యకు పరిష్కారంగా బాక్టీరియాను చంపే మూలకాన్ని లోహం మొత్తంలో కరిగించే మార్గం వచ్చింది. గీత పడినా గీత అడుగున ఉన్నది కూడా అదే లోహం. ఈ వర్గంలో విస్తృతంగా అధ్యయనం చేసినది టైటానియం-రాగి మిశ్రలోహం. చైనాలోని పరిశోధన బృందాలు ఈ కృషిలో ముందున్నాయి. పొడి లోహాలను కలిపి వేడిచేసి తయారుచేసిన నమూనాల్లో స్థిరమైన నిరోధకశక్తికి బరువులో కనీసం 5 శాతం రాగి అవసరమని వారి ఫలితాలు సూచించాయి.

దీనికి కారణం లోహ అంతర్నిర్మాణంలో ఉన్నది. తక్కువ ఉష్ణోగ్రతల్లో టైటానియం స్ఫటికంలో కరిగే రాగి సుమారు 2 శాతానికి మించదు. మిగిలినది సుమారు 790 డిగ్రీల సెల్సియస్ దిగువన రెండు టైటానియం పరమాణువులకు ఒక రాగి పరమాణువు చొప్పున కలిసిన సమ్మేళనంగా వేరుపడుతుంది. ఈ సమ్మేళనపు కణాలు సన్నగా, సమంగా పరచుకున్నప్పుడు నిరోధకశక్తి పెరుగుతుందని అధ్యయనాలు తెలుపుతున్నాయి. అందువల్ల రాగి ఎంత కలిపారన్నది ఒక్కటే కాక, ఎంత వేడిచేసి ఎలా చల్లార్చారన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. బాక్టీరియా మరణానికి విడుదలైన రాగి అయాన్లు కారణమా, ఆ సమ్మేళనాన్ని నేరుగా తాకడం కారణమా అన్న చర్చ ఇంకా ముగియలేదు.

రాగి శరీరానికి సూక్ష్మ మోతాదులో అవసరమైన మూలకం. కొత్త రక్తనాళాల ఏర్పాటులోనూ దానికి పాత్ర ఉన్నది. మోతాదు మించితే మాత్రం అదే రాగి ఎముక కణాన్ని కూడా చంపుతుంది. పైగా రాగి ఎక్కువైతే లోహం గట్టిపడి, సాగే గుణం తగ్గే అవకాశం ఉన్నది. ప్రతి అడుగుకూ వంగి లేచే కాలిరాడ్డుకు ఇది చిన్న విషయం కాదు. బాక్టీరియాను చంపి, ఆరో నెలలో విరిగిపోయే రాడ్డు వల్ల రోగికి మేలు లేదు.

4.3 ఉపరితల నిర్మాణం

మూడో మార్గంలో ఏ మందూ ఉండదు. ఈలపురుగు రెక్కపై ఉండే నానోస్థాయి మొనలు సూడోమోనాస్ ఎరుజినోసా కణాలను చీల్చి చంపుతాయని ఎలెనా ఇవనోవా బృందం 2012లో తెలిపింది. ఆ తరువాత టైటానియంపై కూడా అటువంటి మొనలను క్షారద్రావణంలో వేడిచేసి పెంచగలిగారు. అయితే ఈలపురుగు రెక్క మందమైన కణకవచం గల స్టెఫైలోకాకస్‌పై అంతటి ప్రభావం చూపలేదు. చచ్చిన కణాల శిథిలాలు మొనలను కప్పివేస్తే తరువాత వచ్చిన కణాలకు అవే మెత్తని పరుపవుతాయి.

5. '99 శాతం' వెనుక లెక్క

పై మార్గాల్లో తయారైన ఏ నమూనాకైనా పరిశోధన పత్రాల్లో తరచుగా వాడే పరీక్ష జపాన్‌లో 2000లో ప్రమాణీకరించిన జె.ఐ.ఎస్. జెడ్ 2801, దాని ఆధారంగా 2007లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 22196. ఈ పరీక్షలో 5 సెంటీమీటర్ల చదరపు నమూనాపై 0.4 మిల్లీలీటర్ల బాక్టీరియా ద్రవాన్ని వేసి, పలుచని ప్లాస్టిక్ పొరతో కప్పి, సుమారు 35 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచుతారు. ద్రవం అయిదువందల వంతుకు పలుచన చేసిన పోషకరసం. తరువాత మామూలు నమూనాపై, నిరోధక నమూనాపై బతికి ఉన్న కణాలను లెక్కించి, వాటి సంవర్గమానాల భేదాన్ని నిరోధక విలువగా పేర్కొంటారు. జపాన్ ప్రమాణం ప్రకారం ఈ విలువ 2 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ వస్తువు బాక్టీరియా నిరోధకమైనది. 2 అంటే వందో వంతు మిగలడం. '99 శాతం' ఇక్కడి నుంచి వచ్చింది.

ఈ పోలిక మొదట వేసిన కణాలతో కాదు, 24 గంటల తరువాత మామూలు నమూనాపై ఉన్న కణాలతో. దీని పర్యవసానాన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. మిల్లీలీటరుకు 6 లక్షల చొప్పున 0.4 మిల్లీలీటర్లలో మొదట వేసినవి 2 లక్షల 40 వేల కణాలు. 24 గంటల్లో మామూలు టైటానియంపై అవి పెరిగి కోటి అయ్యాయనుకుంటే, నిరోధక విలువ 2 గల నమూనాపై లక్ష కణాలు బతికి ఉంటాయి. పత్రంలో నమోదయ్యేది 99 శాతం నిర్మూలన. మొదటి సంఖ్యతో పోలిస్తే తగ్గింది మాత్రం సగానికి కొంచెం ఎక్కువ. ఎలెక్, కోనెన్ ప్రయోగంలో పరాయి వస్తువు సమక్షంలో చీము పుట్టడానికి కొన్ని వందల కణాలే చాలినవని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పై లెక్కలో నూరు కణాలే మిగలాలంటే నిరోధక విలువ 5 ఉండాలి. అంటే 99.999 శాతం. దశాంశ బిందువు తరువాతి తొమ్మిదులు అలంకారం కావు, ఒక్కొక్కటీ పదిరెట్ల భేదాన్ని సూచిస్తుంది.

సజీవశరీరంలో తెల్లరక్తకణాలు, యాంటీబయాటిక్ కూడా పనిచేస్తాయి కనుక ఈ అంకెలను నేరుగా రోగికి వర్తింపజేయకూడదు. దీనికి ఎదురుగా, శరీరంలో పరీక్షకన్నా కఠినమైన పరిస్థితులు కూడా మూడున్నాయి.

మొదటిది, రక్తంలోని ప్రోటీన్లు, క్లోరైడు. ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లు రాగి, వెండి అయాన్లను పట్టి ఉంచుతాయి. వెండి క్లోరైడుతో కలిసి నీటిలో దాదాపుగా కరగని లవణంగా మారుతుంది. పలుచని పోషకరసంలో స్వేచ్ఛగా తిరిగిన అయాను రక్తంలో అంతే స్వేచ్ఛగా ఉండదు.

రెండోది, కాలం. ప్రయోగశాలలో బాక్టీరియా, లోహం ఒకే క్షణంలో కలుస్తాయి. మట్టిపడిన గాయంలో బాక్టీరియా ముందే కణజాలంలో స్థిరపడి ఉంటుంది. లోహం గంటల తరువాత, కొన్నిసార్లు రోజుల తరువాత వస్తుంది.

మూడోది, జాతి. ప్రమాణ పరీక్షలో వాడేవి ప్రయోగశాలల్లో తరతరాలుగా పెంచుతున్న స్టెఫైలోకాకస్ ఆరియస్, ఇ. కోలై రకాలు. భారతీయ ఆసుపత్రుల్లో అస్థివైద్యులను వేధించే వాటిలో క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబాక్టర్ వంటి గ్రామ్ నెగెటివ్ జాతులు ముఖ్యమైనవి. వీటిలో అనేక రకాలు పలు యాంటీబయాటిక్‌లకు ఇప్పటికే లొంగడం లేదు.

6. మిరపచేలోని రాగి

తుళ్లూరు ప్రాంత రైతుకు రాగి బాక్టీరియాను, శిలీంధ్రాన్ని చంపుతుందన్నది కొత్త విషయం కాదు. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమం 1880ల నాటి ఫ్రెంచి ద్రాక్షతోటల నుంచి ప్రపంచమంతటికీ వ్యాపించింది. మిరపలో కొమ్మకుళ్లు, ఆకుమచ్చ తెగుళ్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున పిచికారీ చేయడం ఇక్కడ సర్వసాధారణం. బాక్టీరియా ఆకుమచ్చకు దానితోపాటు స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను కలపమన్న సిఫారసు వ్యవసాయ ప్రచురణల్లో చాలాకాలం కొనసాగింది.

రాగిని పదేపదే వాడినచోట దానిని తట్టుకునే బాక్టీరియా ప్రబలుతుంది. మిరప, టమాటాలను ఆశించే జాంథోమోనాస్ జాతుల్లో రాగి నిరోధకత అనేక దేశాల్లో నమోదయింది. అంతకన్నా ఆలోచింపజేసే ఉదాహరణ డెన్మార్కుది. అక్కడి పందుల దాణాలో రాగిని కలపడం వల్ల ఎంటెరోకాకస్ బాక్టీరియాలో రాగిని తట్టుకునే ఒక జన్యువు వ్యాపించినట్లు, యాంటీబయాటిక్‌లను తట్టుకునే గుణంతో దానికి సంబంధమున్నట్లు హస్మన్, ఆరెస్ట్రప్ 2002లో తెలిపారు. రెండు గుణాల జన్యువులు ఒకే డి.ఎన్.ఎ. ముక్కపై ఉంటే రాగి ఒత్తిడి ఒక్కటే రెండింటినీ నిలబెడుతుంది.

ఇందులో తుళ్లూరుకు సంబంధించిన ప్రశ్న స్పష్టమైనది. ఏళ్ల తరబడి రాగిమందు పడిన నల్లరేగడి మట్టి విరిగిన ఎముకలోకి చేరినప్పుడు, ఆ మట్టిలోని బాక్టీరియా టైటానియం-రాగి మిశ్రలోహానికి ప్రయోగశాల రకాలంత సులభంగా లొంగుతుందా? మొక్కల వ్యాధికారకాలు సాధారణంగా మనిషి ఎముకకు సోకవు. కాని మట్టిలో ఉండే సూడోమోనాస్, ఎంటెరోబాక్టర్ వంటి అవకాశవాద జాతులు సోకగలవు. ఈ ప్రశ్నకు సమాధానం ఊహతో కాక, స్థానిక మట్టి నమూనాలతో, స్థానిక రోగుల నుంచి వేరుచేసిన బాక్టీరియాతో మాత్రమే చెప్పదగినది.

7. లోహానికి ముందున్న రక్షణ

బాక్టీరియా నిరోధక లోహాన్ని గురించిన ఏ చర్చ అయినా దానికి ముందే జరగవలసిన చికిత్సను విస్మరించకూడదు. పట్జాకిస్ బృందం 1974లో ప్రచురించిన అధ్యయనంలో వివృతభగ్నాలకు యాంటీబయాటిక్ ఇవ్వనివారిలో 13.9 శాతం మందికి, సెఫలోథిన్ ఇచ్చినవారిలో 2.3 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇంత భేదాన్ని వైద్య ప్రయోగంలో చూపిన నిరోధక లోహం ఇంతవరకు లేదు. గాయాన్ని కడిగే పద్ధతిపై భారతదేశం కూడా పాల్గొన్న అంతర్జాతీయ ప్రయోగం 2015లో వెలువడింది. సబ్బుద్రావణంతో కడిగినవారికన్నా మామూలు సెలైన్‌తో కడిగినవారిలో తిరిగి ఆపరేషన్ అవసరం తక్కువగా ఉన్నదని, నీటి ఒత్తిడిలోని హెచ్చుతగ్గుల వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదని అది తేల్చింది. ఖరీదైన యంత్రం లేని చిన్న ఆసుపత్రికి ఇది ఎంతో విలువైన ఫలితం.

త్వరగా ఇచ్చిన యాంటీబయాటిక్, సెలైన్‌తో కడగడం, చచ్చిన కండను, మట్టిని ఓర్పుతో తొలగించడం బాక్టీరియా సంఖ్యను ముందుగా తగ్గిస్తాయి. అలా తగ్గిన సంఖ్యపైనే నిరోధక లోహపు శక్తి ఫలిస్తుంది. కోటి నుంచి లక్షకు తగ్గించే లోహం రోగిని కాపాడలేకపోవచ్చు. అదే లోహం వెయ్యి నుంచి పదికి తగ్గిస్తే కాపాడవచ్చు. 99 శాతం రెండింటికీ ఒకటే.

8. స్థానిక వనరులు, పరిశోధనావకాశాలు

ఈ పరిశోధనకు కావలసిన అంగాలు తెలుగు ప్రాంతంలో విడివిడిగా ఇప్పటికే ఉన్నాయి. టైటానియానికి మూలఖనిజమైన ఇల్మనైట్ భీమునిపట్నం నుంచి కళింగపట్నం, భావనపాడు వరకు ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో ఉన్నది. హైదరాబాదులోని రక్షణ లోహపరిశోధనశాల అభివృద్ధి చేసిన సాంకేతికతతో కేరళలోని చవరలో టైటానియం స్పాంజి కర్మాగారం 2011లో ప్రారంభమైంది. 1973లో హైదరాబాదులో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్ టైటానియం మిశ్రలోహాలను, వైద్య ఇంప్లాంట్లను తయారుచేస్తున్నది.

తుళ్లూరు పరిసరాల్లో ఐనవోలు వద్ద వి.ఐ.టి.-ఎ.పి., నీరుకొండ వద్ద ఎస్.ఆర్.ఎం.-ఎ.పి. విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. మంగళగిరిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, గుంటూరులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, లాం వద్ద మిరప పరిశోధనకు పేరున్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం చేరువలో ఉన్నాయి. లోహశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, అస్థివైద్యం, మొక్కల తెగుళ్ల శాస్త్రం ఇంత దగ్గరగా లభించే చోట్లు అరుదు. నాలుగింటినీ కలిపే ప్రశ్న కూడా పై విభాగంలో కనిపించింది.

ఈ దిశలో పరిశోధకులు చేపట్టదగిన పనులు నాలుగు. ఒకటి, రాగిమందు ఎక్కువగా వాడిన, వాడని పొలాల మట్టి నుంచి బాక్టీరియాను వేరుచేసి రాగి సహనశక్తిని పోల్చడం. రెండు, స్థానిక వివృతభగ్న రోగుల నుంచి నైతిక సంఘాల అనుమతితో సేకరించిన బాక్టీరియాపై టైటానియం-రాగి నమూనాలను పరీక్షించడం. మూడు, ప్రమాణ పరీక్షతో పాటు రక్తరసం కలిపిన ద్రవంలో, 24 గంటలకు మించిన వ్యవధిలో, ఇప్పటికే ఏర్పడిన బయోఫిల్మ్‌పై పరీక్షలు జరపడం. నాలుగు, అదే నమూనాపై ఎముక కణాల పెరుగుదలను, అలసట బలాన్ని కూడా కొలిచి మూడు ఫలితాలనూ ఒకేచోట నివేదించడం.

ప్రయోగశాల నుంచి రోగికి దారి 2017 నాటి వైద్యపరికరాల నియమావళి గుండా వెళ్తుంది. కొత్త మూలకాన్ని చేర్చిన ఇంప్లాంటు భద్రతను, పనితీరును రోగులపై అనుమతిపొందిన అధ్యయనంతో నిరూపించవలసి ఉంటుంది. ధర కూడా శాస్త్రీయ ప్రశ్నలో భాగమే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల నిర్ణీత మొత్తంలో ఇమడని రాడ్డు, దాని అవసరం ఎక్కువగా ఉన్న కూలీకి అందదు. ఈ దృష్టితో చూస్తే వెండి, టాంటలం వంటి ఖరీదైన మూలకాలకన్నా రాగికి స్పష్టమైన అనుకూలత ఉన్నది. రాగి సహనశక్తిపై స్థానిక సమాచారం ఇంత అవసరం కావడానికి అదే కారణం.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కింది అంశాలను నిర్ధారించవచ్చు.

• టైటానియం ఎముకకు అనుకూలమైన లోహమే కాని బాక్టీరియాకు ప్రతికూలమైనది కాదు. ఆ గుణాన్ని పూత, మిశ్రలోహం, ఉపరితల నిర్మాణం అనే మూడు మార్గాల్లో కల్పిస్తున్నారు.

• సుత్తి, ఒరిపిడి తప్పని రాడ్డులు, స్క్రూలకు పూతకన్నా మిశ్రలోహం అనుకూలం. అయితే రాగి శాతంతో పాటు ఉష్ణచికిత్స, సాగే గుణం, ఎముక కణాల భద్రత కూడా సమానంగా పరిగణించవలసినవి.

• '99 శాతం' అనేది ప్రమాణ పరీక్షలో ఉత్తీర్ణతకు కనీస మార్కు. మిగిలిన కణాల సంఖ్యను, మొదటి సంఖ్యను, మామూలు నమూనాపై పెరిగిన సంఖ్యను పక్కపక్కన ఇవ్వని పత్రంలో ఆ శాతానికి వైద్యపరమైన అర్థం లేదు.

• మట్టిపడిన గాయంలో మొదటి రక్షణ సత్వర యాంటీబయాటిక్, సెలైన్, శస్త్రవైద్యుని ఓర్పు. లోహం రెండో రక్షణ మాత్రమే. మొదటిది లోపిస్తే రెండోది ఆ లోటును పూడ్చలేదు.

• రాగిమందు వాడకం విస్తారంగా ఉన్న తుళ్లూరు వంటి ప్రాంతాల్లో స్థానిక బాక్టీరియా రాగి సహనశక్తిని తెలుసుకోకుండా టైటానియం-రాగి ఇంప్లాంటును సిఫారసు చేయడం తొందరపాటు. ఆ సమాచారాన్ని సేకరించగల సంస్థలు ఈ నేలపైనే, ఒకదానికొకటి కూతవేటు దూరంలో కాకపోయినా ఒక పూట ప్రయాణంలో ఉన్నాయి.